కర్ణాటకలో ఏ నెలలో ఎక్కువ ఉద్యోగాలు పోతున్నాయి? ఎవరి దగ్గరైనా లెక్క ఉందా?

సర్జాపూర్ సుబ్బు
బెంగళూరులో బుడిగెరె క్రాస్ దగ్గర ఒక ఫ్లాట్ చూశాం. పదిహేనో తేదీలోపు పది శాతం కట్టమని బిల్డర్ తొందర పెడుతున్నాడు. ఈఎంఐ 68 వేలు పడుతుంది. నాది ఐటీ సర్వీసెస్ కంపెనీ, 11 ఏళ్ల అనుభవం. పాప పుట్టాక మా ఆవిడ మానేసింది, ఒక్క జీతం మీదే ఇల్లు.

నా టెన్షన్ కొద్దీ రెండేళ్లుగా ఒక షీట్ రాసుకుంటున్నాను. పేపర్లో వచ్చిన ప్రతి లేఆఫ్ వార్తకీ ఒక వరస: నెల, కంపెనీ, రంగం, ఏరియా, ఎంతమంది. జనవరిలో బాగా లేస్తోంది, తర్వాత దిగి జులైలో కాస్త, అక్టోబరులో ఇంకాస్త. ఏప్రిల్, మే నెలలు చల్లగా ఉన్నాయి. ఏరియాల్లో అవుటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డ్ తప్ప ఇంకేమీ పెద్దగా కనిపించడం లేదు. ప్రభుత్వం నెలనెలా ఏ జిల్లాలో, ఏ రంగంలో ఎంతమందిని తీసేశారో ఇస్తుందా? నా షీట్‌ని దాంతో సరిపోల్చుకోవాలి.

రాగిసంగటి
వాన ఎప్పుడు పడుతుందో చూసుకుని విత్తనం వేసినట్టు, లేఆఫ్ ఎప్పుడు పడుతుందో చూసుకుని ఫ్లాట్ కొంటున్నావా సామీ. మా అనంతపురంలో ఆ లెక్క ఒక్క ఏడాదీ కుదర్లేదు.

బెంచి మీద బాబాయి
జనవరి ఎందుకు లేచిందో తెలిసిందే. అమెరికా కంపెనీల్లో చాలావాటికి అది కొత్త బడ్జెట్టు నెల. 2023 జనవరి గుర్తు తెచ్చుకోండి. 4న అమెజాన్ 18 వేలంది, 18న మైక్రోసాఫ్ట్ 10 వేలంది, 20న గూగుల్ 12 వేలంది. ఆ నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ గురించి కూడా ఎవరూ పోట్లాడుకోలేదు.

జులై, అక్టోబరు మన సర్వీసెస్ కంపెనీల త్రైమాసిక ఫలితాల నెలలు. అప్పుడే అంకెలు బయటికొస్తాయి. మనుషులు బయటికి పోయేది అప్పుడే అనుకోకు. 2025 జులైలో టీసీఎస్ రెండు శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తామంది. జులై నుంచి సెప్టెంబరు వరకు వాళ్ల హెడ్‌కౌంట్ తగ్గింది 19,755. నీ షీట్లో ఏ అంకె రాశావు?

సర్జాపూర్ సుబ్బు
12 వేలు. జులై గడిలో. అక్టోబరుది రాయలేదు బాబాయ్.

బెంచి మీద బాబాయి
మరి మిగతా ఏడు వేల పైచిలుకు? వాళ్లంతా తీసేసినవాళ్లేనని నేనడం లేదు. మానేసినవాళ్లు, రిటైరైనవాళ్లు కూడా ఉంటారు. ఎవరెవరో మనకి తెలీదు, అదీ సంగతి. పైగా అది ప్రపంచం మొత్తం మీద వాళ్ల అంకె. అందులో బెంగళూరు వాటా ఎంతో నువ్వెలా రాస్తావు?

సిల్క్‌బోర్డు సిగ్నల్
ఏప్రిల్ చల్లగా ఉందా?? ఏప్రిల్ అప్రైజల్ నెల అన్నా. రేటింగ్ తక్కువ ఇచ్చి పిప్‌లో పెడతారు. పిప్ అంటే పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే గడువు, మూడు నెలల వాయిదా. జులైలో పోయినవాడు నిజానికి ఏప్రిల్లోనే పోయాడు.

లెక్కల మాస్టారు
సుబ్బు గారూ, జిల్లా వారీగా, రంగం వారీగా నెలనెలా తీసివేతలు చెప్పే పట్టికను ఇన్నేళ్లలో నేనెక్కడా చూడలేదు. లేబర్ బ్యూరో వాళ్లు మూసివేతలు, రిట్రెంచ్‌మెంట్లు (శాశ్వత తీసివేతలు), లేఆఫ్‌ల మీద పుస్తకం వేస్తారు. అది ఏడాది లెక్క, అది కూడా కంపెనీలు రిటర్నులు పంపితేనే.

దగ్గర్లో ఉన్నవి రెండు మూడు. ఒకటి ఈపీఎఫ్ఓ, అంటే ఉద్యోగుల పీఎఫ్ సంస్థ ఇచ్చే పేరోల్ డేటా. 2018 ఏప్రిల్ నుంచి నెలనెలా వస్తోంది, రాష్ట్రం వారీగా, రంగం వారీగా, వయసు వారీగా. కొత్తగా చేరినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు అన్నీ కలిపి నికరం ఇస్తారు. కర్ణాటక ఎప్పుడూ పై వరసలోనే ఉంటుంది. కానీ అందులో ఒక తిరకాసు ఉంది. మీరు పాత కంపెనీ నుంచి బయటికొచ్చాక పీఎఫ్ పోర్టల్లో ఎగ్జిట్ కారణం చూడండి. రాజీనామా చేసినా, మెడపట్టి గెంటినా అక్కడుండేది ‘సెసేషన్, షార్ట్ సర్వీస్’. చనిపోతే వేరే గడి, రిటైరైతే వేరే గడి. తీసేస్తే గడి లేదు.

ఇంకోటి పీఎల్ఎఫ్ఎస్ నిరుద్యోగ సర్వే. 2025 ఏప్రిల్ నుంచి నెలవారీగా కూడా ఇస్తున్నారు, కానీ ఆ నెల బులెటిన్ దేశం మొత్తానికి. అందులో కర్ణాటకని విడిగా వెతుక్కుంటే దొరకదు. ఇక లేఆఫ్స్ డాట్ ఎఫ్‌వైఐ అనే వెబ్‌సైట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. రోజర్ లీ అనే ఆయన 2020లో మొదలుపెట్టాడు. 2023లో ప్రపంచం మొత్తం మీద 2.6 లక్షలకు పైగా టెక్ ఉద్యోగాలు పోయాయని లెక్క తేల్చాడు. అది కూడా మీ షీట్ లాంటిదే, ప్రకటించినవే ఎక్కుతాయి.

డల్లాస్ రిటర్న్
నేను టెక్సస్‌లో ఏడేళ్లున్నాను. అక్కడ ఈ లెక్క ఎవరైనా చూడొచ్చు. వార్న్ అని 1988 నాటి చట్టం ఉంది. వంద మందికి పైగా ఉన్న కంపెనీ పెద్ద ఎత్తున తీసేయాలంటే 60 రోజుల ముందు నోటీసివ్వాలి. ఒక కాపీ రాష్ట్రానికి పోతుంది. రాష్ట్రం దాన్ని వెబ్‌సైట్లో పెడుతుంది: కంపెనీ పేరు, కౌంటీ, ఎంతమంది, ఏ తేదీ. మా టీం పోతోందని మా మేనేజర్ చెప్పకముందే మా ఆవిడ ఆ లిస్టులో చూసింది.

నోటీసు 60 రోజులు, హెచ్1బీ వీసా వాళ్లకి ఉద్యోగం పోయాక దేశంలో ఉండే గడువూ 60 రోజులే. మా పాప స్కూలు ఏడాది పూర్తయ్యేలోపు ఆ రెండు అరవైలూ అయిపోయాయి. ఇప్పుడు బెంగళూరులో హరలూరు రోడ్డు.

రాగిసంగటి
హరలూరు రోడ్డు మీద డల్లాస్ నుంచి వచ్చినవాళ్లే ఒక వార్డుకి సరిపడా ఉన్నారు.

లెక్కల మాస్టారు
డల్లాస్ గారు చెప్పినదాని కంటే వివరమైన లెక్క ఇంకోటి ఉండేది అక్కడ. మాస్ లేఆఫ్ స్టాటిస్టిక్స్ అని కార్మిక గణాంకాల శాఖ నెలనెలా ఇచ్చేది, రాష్ట్రం వారీగా, పరిశ్రమ వారీగా. ఒకే సంస్థ మీద ఐదు వారాల్లో 50 మందికి పైగా నిరుద్యోగ భృతికి కొత్తగా దరఖాస్తు పెడితే దాన్ని ఒక సంఘటనగా లెక్కించేవారు. ఖర్చు తగ్గించుకోవడానికి 2013లో ఆపేశారు.

గమనించారా, ఆ లెక్క ఎవరో కూర్చుని లెక్కపెట్టింది కాదు. భృతి కోసం జనం క్యూలో నిలబడితే ఆ దరఖాస్తుల్లోంచి పుట్టిన లెక్క. మన దగ్గర సాఫ్ట్‌వేర్ వాడికి క్యూ కట్టడానికి కిటికీయే లేదు. డబ్బిచ్చే చోటు లేనప్పుడు లెక్క ఎక్కడ పుడుతుంది?

కుట్టుమిషను
కిటికీ లేదని అన్నారు కదా మాస్టారూ, మాకుంది ఒకటి. పీఎఫ్. మీకు అర్థం కావాలంటే 2016 ఏప్రిల్ చెప్పాలి.

మాది హిందూపురం. నేను బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌లో టైలర్‌గా చేరి ఇప్పుడు లైన్ సూపర్‌వైజర్ని, 14 ఏళ్లు. అప్పుడు కేంద్రం ఒక రూల్ తెచ్చింది, యజమాని వేసే పీఎఫ్ వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని. మాలో 58 దాకా మిషన్ తొక్కేదెవరు? నడుం ముప్పై ఐదుకే పోతుంది. పని పోయినప్పుడు, పిల్ల పెళ్ళికి, ఊళ్లో అప్పుకి ఆ డబ్బే. రెండు రోజులు రోడ్లు నిండిపోయాయి, హోసూరు రోడ్డు, మైసూరు రోడ్డు, పీణ్య. అందరూ ఆడవాళ్లే, వెనక యూనియన్ కూడా లేదు. రెండో రోజు సాయంత్రానికి రూల్ వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మమ్మల్ని తిట్టినవాళ్లు ఇక్కడ కూడా ఉండే ఉంటారు, పర్లేదు.

సుబ్బు గారి షీట్లో మా ఏరియా ఎందుకు లేదో నేను చెప్తాను. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది కదా. మా ఫ్యాక్టరీలో ఒక్కరిని కూడా ‘తీసేయలేదు’. మొదట ఓటీ ఆపేశారు. తర్వాత రెండు లైన్లు మూసి, ఆ అమ్మాయిల్ని వేరే యూనిట్‌కి మార్చారు. అది ముప్పై కిలోమీటర్ల అవతల. మొదటి నెల వ్యాన్ పంపారు, రెండో నెల వ్యాన్ ఆపేశారు. పిల్లల్ని బడికి పంపి, రెండు బస్సులు మారి, ఎనిమిదిన్నరకి పంచ్ కొట్టాలంటే ఎవరికి కుదురుతుంది? ఒక్కొక్కరే మానేశారు. 60 మంది పైన. అందరి కాగితాల్లోనూ వాళ్లే మానేసినట్టు ఉంది.

ఐదేళ్లు నిండకుండా మానేశారు కాబట్టి చాలామందికి గ్రాట్యుటీ కూడా లేదు.

సర్జాపూర్ సుబ్బు
అక్కా, ఇది నేను ఊహించలేదు. దీన్ని ఏ నెల గడిలో రాయాలి? లైన్ మూసిన నెలా, వ్యాన్ ఆపిన నెలా?

కుట్టుమిషను
నాకేం తెలుసు బాబూ. ఆడపిల్లలు మాత్రం దసరా బోనస్ చేతికొచ్చేదాకా పళ్లు బిగించుకుని వచ్చారు. దీపావళికి ఊరెళ్లినవాళ్లు మళ్ళీ రాలేదు.

పీణ్య పానా
నేను ఇంకో పక్క. పీణ్యలో రెండు సీఎన్‌సీ మిషన్లు, 14 మంది. ఆటో విడిభాగాలు చేస్తాం. ఆర్డర్ పడిపోతే నేను ఎవరినీ తీసేయను, మంచి మిషన్ ఆపరేటర్ని పోగొట్టుకుంటే మళ్ళీ దొరకడు. వారానికి నాలుగు రోజులే రమ్మంటాను. ఇద్దరు ముగ్గురు వాళ్లంతట వాళ్లే నెలమంగల వైపు వెళ్లిపోతారు. ఇది లేఆఫా, కాదా? నాకు నిజంగానే తెలీదు, ఎవరైనా చెప్పండి.

బెంచి మీద బాబాయి
పానా గారూ, చట్టం మాటల్లో అసలు లేఆఫ్ మీరు చేసిందే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే పని లేక తాత్కాలికంగా ఆపడం, మనిషి రోల్స్‌లోనే ఉంటాడు. శాశ్వతంగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. అవుటర్ రింగ్ రోడ్డు మీద జరిగేదాన్ని మనం అమెరికావాళ్లని చూసి లేఆఫ్ అంటున్నాం.

పెద్ద ఫ్యాక్టరీ అయితే ఆపిన రోజులకి బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. 50 మంది లోపున్న మీకు అది వర్తించదు.

పీణ్య పానా
బతికించారు. అయినా నేను సగం ఇస్తున్నా, మా ఆవిడకి చెప్పకండి.

సిల్క్‌బోర్డు సిగ్నల్
మీరంతా పర్మనెంట్ వాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను పేరున్న కంపెనీ ఆఫీసులో కూర్చుంటాను, జీతం వేసేది వేరే ఏజెన్సీ. మెడలో ట్యాగ్ రంగు కూడా వేరే. పోయిన ఏడాది మా ఫ్లోర్‌లో 22 మందికి ‘ప్రాజెక్ట్ ఎండ్’ అని శుక్రవారం మెయిల్ వచ్చింది. కంపెనీ లెక్కలో మేం ఎప్పుడూ లేం కాబట్టి పోయినట్టు కూడా కాదు. ఏజెన్సీ లెక్కలో మేమింకా ఉన్నాం, ‘డిప్లాయ్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లం’, జీతం లేకుండా. 2020 డిసెంబరులో కోలారు దగ్గర నరసాపుర ఐఫోన్ ఫ్యాక్టరీలో గొడవైంది చూడండి, అక్కడ కూడా ఎక్కువమంది ఏజెన్సీ వాళ్లే.

లెక్కల మాస్టారు
సిగ్నల్ చెప్పినది ఈపీఎఫ్ఓ డేటాలో కూడా కనిపిస్తుంది, వంకరగా. ‘ఎక్స్‌పర్ట్ సర్వీసెస్’ అని ఒక రంగం ఉంటుంది, ప్రతి నెలా నికరంగా పెద్ద అంకె దాంట్లోనే. పేరు చూసి డాక్టర్లో, సలహాదారులో అనుకుంటాం. అందులో ఎక్కువ మంది మ్యాన్‌పవర్ ఏజెన్సీ వాళ్లు, సెక్యూరిటీ గార్డులు, కాంట్రాక్టర్ల మనుషులు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పోయినవాడు, గోడౌన్‌లో పోయినవాడు ఇద్దరూ ఒకే గడిలో పడతారు.

హెచ్ఆర్ పిన్ని
తిట్టుకోండి, అయినా చెప్తాను. 16 ఏళ్లు హెచ్ఆర్‌లో ఉన్నాను, రెండేళ్ల క్రితం బయటికొచ్చాను. ఎలాగో అడక్కండి.

సాఫ్ట్‌వేర్‌లో టర్మినేషన్ దాదాపుగా ఉండదు. గదిలోకి పిలుస్తాం. రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి రాజీనామా: రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, రెండు నెలల బేసిక్ ఇస్తాం, రేపు ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే మంచిగా చెప్తాం. రెండోది టర్మినేషన్: అది రికార్డులో ఉండిపోతుంది. ఎవరైనా ఏది సంతకం పెడతారు? ఆ తర్వాత సిస్టమ్‌లో ఎగ్జిట్ కారణం గడిలో ‘వ్యక్తిగత కారణాలు’, ‘ఉన్నత చదువులు’ అని నింపేది నేనే. 41 ఏళ్ల ఆయనకి ఉన్నత చదువులని పెట్టాను ఒకసారి. డ్రాప్‌డౌన్‌లో వేరేది లేదు.

అందుకే ఫలితాల్లో ‘స్వచ్ఛంద అట్రిషన్ ఇంత శాతం’, అంటే వాళ్లంతట వాళ్లే మానేసినవాళ్లు ఇంతమంది అని చదివినప్పుడు నాకు నవ్వొస్తుంది.

సిల్క్‌బోర్డు సిగ్నల్
నవ్వొస్తుందా పిన్నీ. మాకు రాదు.

హెచ్ఆర్ పిన్ని
సరే బాబూ, ఆ మాట తప్పే.

డల్లాస్ రిటర్న్
ఇక్కడ కూడా ప్రభుత్వానికి చెప్పాలి కదా? అసలు చెప్పక్కర్లేదా?

బెంచి మీద బాబాయి
ఫ్యాక్టరీ, గని, తోట అయితే పాత చట్టంలో వంద మందికి పైగా ఉన్న చోట ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, వాటిలో ఆ వందని మూడు వందలు చేశారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఫ్యాక్టరీ కాదు కాబట్టి అనుమతి గొడవ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వర్క్‌మన్ (చట్టం దృష్టిలో మేనేజర్ కాని ఉద్యోగి) కిందికి వచ్చేవాడికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం, ప్రభుత్వానికి సమాచారం ఉండాలి. అంతా రాజీనామా కాకపోతేనే.

కర్ణాటకలో ఇంకోటి ఉంది. ఐటీ కంపెనీలకు పాత స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం (ఉద్యోగ నిబంధనలు రాతపూర్వకంగా పెట్టమనేది) నుంచి మినహాయింపు ఇస్తూ వచ్చారు, 2024లో మళ్ళీ ఐదేళ్లు పొడిగించారు. ఆ మినహాయింపుకి షరతులున్నాయి. సస్పెన్షన్, డిశ్చార్జ్, టర్మినేషన్, డిమోషన్, డిస్మిసల్ ఏం చేసినా కార్మిక శాఖకి తెలపాలి.

లెక్కల మాస్టారు
అంటే కంపెనీలు షరతు పాటిస్తే కార్మిక భవన్‌లో ఏదో బీరువాలో మన సుబ్బు గారి షీట్ ఉండాలన్నమాట, నెల నెలా, ఏరియాతో సహా.

హెచ్ఆర్ పిన్ని
మాస్టారూ, రాజీనామా ఆ ఐదింటిలో లేదు. నేను పైన రాసింది మళ్ళీ చదవండి.

బనశంకరి బాలు
నేను బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవన్‌కి నిజంగానే వెళ్లాను. 2024లో. రాజీనామా ఇవ్వనని మొండికేస్తే నా లాప్‌టాప్ యాక్సెస్ తీసేశారు, ఫ్లోర్‌లోకి రానివ్వలేదు. కీటూ అని ఐటీ ఉద్యోగుల యూనియన్ ఉంది కదా, 2017లో పెట్టారు, వాళ్లు ఫిర్యాదు రాయడంలో సాయం చేశారు. మూడు సిట్టింగులు. మొదటి రెండిటికీ కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. మూడోదానికి లాయర్ వచ్చాడు, ‘ఆయన టీం లీడ్, వర్క్‌మన్ కాదు’ అన్నాడు. నా కింద ఎవరైనా పనిచేస్తున్నారా అని ఆఫీసర్ అడిగాడు. లేరండీ, పేరులోనే లీడ్ అన్నాను. చివరికి నాలుగు నెలల గ్రాస్‌కి ఒప్పుకున్నాం. గొప్ప విజయం కాదు, కానీ వాళ్లు మొదట ఇస్తానన్నది ఒక నెల బేసిక్.

కన్నడం వస్తే పని తేలికవుతుంది అక్కడ. నాకు వచ్చు.

రాగిసంగటి
‘పేరులోనే లీడ్’ అని నా విజిటింగ్ కార్డు మీద వేయించుకుంటా.

సర్జాపూర్ సుబ్బు
బాలు గారూ, నేనూ టీం లీడే. నా కింద ఆరుగురు. అంటే నాకు ఆ దారి కూడా లేదా?

బనశంకరి బాలు
వాళ్ల లీవులు, అప్రైజల్ నిజంగా మీరే తేలిస్తే కష్టం. మీరు ఊరికే రోజూ స్టాండప్ మీటింగ్ నడిపి, కోడ్ రాస్తుంటే వాదించొచ్చు. హోదా కాదు, చేసే పని చూస్తారు. అయినా ముందే లాయర్‌ని అడగండి, నా మాట నమ్మి ఫ్లాట్ కొనకండి.

బళ్ళారి బిడ్డ
బెంగళూరు వదిలి కాస్త పైకి రండి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి గనులు ఆపింది, ఆగస్టులో చిత్రదుర్గ, తుమకూరు కూడా. మా నాన్నకి హొసపేటలో రెండు లారీలు. నెల తిరక్కుండా హైవే పక్కన లారీలు వరసగా నిలబడిపోయాయి, టైర్లు దొంగలు ఎత్తుకెళ్లేవారు. డ్రైవర్, క్లీనర్, తూకం దగ్గర కుర్రాడు, ఢాబా, పంచర్ షాపు. వీళ్లలో ఒక్కడూ ఏ కంపెనీ ఉద్యోగీ కాదు. ఒక్కడూ ఏ లెక్కలోనూ పోలేదు. 2013లో కొన్ని గనులు మళ్ళీ తెరిచారు, అప్పటికి మా లారీలు ఫైనాన్స్ వాడు పట్టుకుపోయాడు. మా ఇంట్లో ముగ్గురం బెంగళూరు వచ్చింది అందుకే. పరిశ్రమ అక్కడ పడిపోయింది, ఉద్యోగాల కోసం క్యూ ఇక్కడ పెరిగింది.

గని ఆపడం తప్పని నేననడం లేదు. ఎర్రదుమ్ములో పెరిగాను నేను.

కేజీఎఫ్ మనవడు
మాదీ అంతే, ఇంకా పాతది. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూశారు. మా తాత చిత్తూరు నుంచి వచ్చి చాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడు. మూసిన మర్నాటి నుంచి మా పేటలో మగవాళ్లు తెల్లారకముందే మారికుప్పం స్టేషన్లో రైలెక్కడం మొదలుపెట్టారు, బెంగళూరులో ఏదో ఒక పని, రాత్రికి తిరిగి ఇంటికి. పాతికేళ్లైంది, ఆ రైళ్లు ఇప్పటికీ కిక్కిరిసే ఉంటాయి. సుబ్బు అన్నా, వాళ్ల పని వైట్‌ఫీల్డ్‌లో పోతే నీ షీట్లో వైట్‌ఫీల్డ్ అని ఉంటుంది. పొయ్యి ఆరేది మా ఆండర్సన్‌పేటలో. ఏరియా గడిలో ఏది రాస్తావు?

కుట్టుమిషను
మా లైన్లో పోయినవాళ్లలో సగం మంది హిందూపురం, మడకశిర వాళ్లు. ఆంధ్ర లెక్కలో వేస్తారా, కర్ణాటక లెక్కలోనా?

మున్నేకొళాల పీజీ
మా దగ్గరికి రండి, లెక్క నేను చెప్తా. 84 బెడ్లు. అద్దె ముందే కట్టాలి కాబట్టి ఒకటో తారీఖు నుంచి ఐదు లోపు తెలిసిపోతుంది ఎవరి పని పోయిందో. మొదటి సూచన, మూడు షేరింగ్‌లో ఉన్నవాడు నాలుగు షేరింగ్ అడుగుతాడు. రెండోది, మధ్యాహ్నం భోజనానికి జనం పెరుగుతారు. మామూలుగా పన్నెండింటికి పాతిక ప్లేట్లు, 2023 మొదట్లో యాభై దాటాయి. వండేవాడు నన్నడిగాడు, ఏమన్నా పండగా అని. మూడోది, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమంటారు, నెల నోటీసు లేకుండా. నేను ఇచ్చేస్తా. కంపెనీ వాడే నోటీసివ్వలేదు, వాడు నాకేం ఇస్తాడు.

సిల్క్‌బోర్డు సిగ్నల్
పీజీ అన్నా, మీ దగ్గర రెండేళ్లున్నాను. నా అడ్వాన్సులో పెయింటింగ్ ఖర్చని రెండు వేలు పట్టుకున్నావు.

మున్నేకొళాల పీజీ
గోడ మీద చికెన్ కర్రీ ఉంది తమ్ముడూ.

లెక్కల మాస్టారు
నవ్వుకున్నా గానీ, ఆ మధ్యాహ్నం ప్లేట్ల లెక్క ఇక్కడ చెప్పినవాటన్నిటి కంటే నయం. నెలవారీగా ఉంది, ఏరియా ఉంది, రాజీనామా చేసినవాడు, గెంటించుకున్నవాడు ఇద్దరూ భోజనానికి వస్తారు.

పీణ్య పానా
వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు కూడా వస్తారు మాస్టారూ.

లెక్కల మాస్టారు
అవును, అది తీసేయాలి. ఆదివారాలు కూడా.

కుట్టుమిషను
ఒక్క పనికొచ్చే మాట చెప్పి వెళ్తాను. జీతం 21 వేల లోపుండి ఈఎస్ఐ కడుతున్నవాళ్లు మీ ఇళ్లలో, మీ ఆఫీసు హౌస్‌కీపింగ్‌లో ఉంటారు. పని పోతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ అని పథకం ఉంది, సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. అంతకుముందు కొంతకాలం బీమాలో ఉండి ఉండాలి. మా లైన్లో ఇద్దరికి పెట్టించాను. మిగతావాళ్లకి ఆ పేరే తెలీదు. హెచ్ఆర్ వాళ్లు ఎప్పుడూ చెప్పలేదు. పిన్ని గారూ, మీకు తెలుసా?

హెచ్ఆర్ పిన్ని
తెలీదమ్మా. నిజం చెప్తున్నా, ఇప్పుడే చదివి తెలుసుకున్నాను.

రాగిసంగటి
సుబ్బూ, షీట్ ఏమైంది? పదిహేను దాటింది.

సర్జాపూర్ సుబ్బు
షీట్లో సంఖ్య గడి తీసేసి మూడు గడులు పెట్టాను: ప్రకటించింది, రాజీనామాగా రాసింది, కాంట్రాక్టు. రెండోది, మూడోది మీరు చెప్పినవి తప్ప ఖాళీ. చల్లని ఏప్రిల్ అని నేను రాసుకున్న చోట ఇప్పుడు ప్రశ్నార్థకం ఉంది.

బిల్డర్‌కి ఈ నెల కుదరదని చెప్పాను. ‘సార్, మీ టవర్లో ఈ నెల మీలాగే ఇంకో నలుగురు చెప్పారు’ అన్నాడు. అమ్మడానికి ఎవరైనా ఆ మాట చెప్తారా? పాపం కుర్రాడు, సేల్స్‌లో కొత్త. టార్గెట్ ఎంతని అడిగాను, నెలకి రెండు ఫ్లాట్లట. ఈ నెల ఒకటి కూడా కాలేదట.

మా ఆవిడ రాత్రి కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదివింది. లేఆఫ్‌ల గురించి ఏమీ అనలేదు. ‘అమ్మకి వచ్చే నెల మోకాలి ఆపరేషన్ కదా, ఆ ఇన్సూరెన్స్ నీ కంపెనీదేనా?’ అంది. కంపెనీదే. పిన్నీ, పని పోతే అది ఏ రోజు వరకు ఉంటుంది?

హెచ్ఆర్ పిన్ని
చాలా చోట్ల చివరి పనిదినం రోజు అర్ధరాత్రి వరకే. నెలాఖరు కూడా కాదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చు, కానీ బయటికొచ్చాక కాదు, ఉద్యోగంలో ఉండగానే అడగాలి. ప్రీమియం మీరే కట్టాలి, అత్తగారి వయసు చూసి ఎక్కువే చెప్తారు. సొంత పాలసీ తీసుకోవడానికి పని పోయేదాకా ఆగకండి. సోమవారం మీ బెనిఫిట్స్ టీంకి మెయిల్ పెట్టండి, మూడు విషయాలు అడగండి: మైగ్రేషన్ (అలా సొంత పాలసీకి మారడం) ఉందా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలుస్తుందా. ఫోన్లో అడగొద్దు, మెయిల్లోనే. ఆపరేషన్ తేదీ మాత్రం ఆ మెయిల్లో రాయకండి.